ప్రాణం నిలిపిన మందే చెవులు తీసుకుంది

ఏటా ఆగస్టు 29న మన బడుల్లో తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. బల్లమీద గిడుగు వెంకట రామమూర్తి గారి ఫోటో పెట్టి దండ వేస్తారు. పిల్లలు ప్రసంగాలు చేస్తారు, పద్యాలు చదువుతారు, చప్పట్లు మోగుతాయి. ఆయన వ్యావహారిక భాషా ఉద్యమ పితామహుడని అందరూ చెబుతారు. ఆ ఫోటోలోని పెద్దాయన మన మధ్యకు వచ్చి ముందు వరుసలో కూర్చున్నా ఆ పద్యాలు సరిగ్గా వినలేకపోయేవారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆయనకు చెవుడు. అది పుట్టుకతో వచ్చింది కాదు, ముసలితనంలో వచ్చిందీ కాదు. జ్వరానికి వాడిన మందు వల్ల వచ్చింది.

ఈ వారం ఆయన జీవితాన్ని తలచుకోవడానికి కారణం ఉంది. మన సంఘాల్లో, మన ఇళ్లలో వైద్యం వల్ల ఒక మేలు పొంది మరొకటి పోగొట్టుకున్నవారు ఉన్నారు. శుక్లం ఆపరేషన్ తరువాత చీము పట్టి కన్ను పోయినవారు ఉన్నారు. క్షయ తగ్గింది గాని చూపు మసకబారినవారు ఉన్నారు. కంట్లో నలక పడితే ఎవరో చెప్పిన చుక్కలు వేసుకుని నల్లగుడ్డు మీద తెల్లమచ్చ మిగుల్చుకున్నవారు ఉన్నారు. వారిలో చాలామంది ఆ సంగతి నలుగురిలో చెప్పుకోరు. చెబితే కొందరు డాక్టరును తిడతారు, కొందరు రోగినే తప్పుపడతారు, ఇంకొందరు తలరాత అని తేల్చేస్తారు. ఆ మనిషి మిగిలిన జీవితాన్ని ఎలా గడుపుతున్నాడని అడిగేవారు తక్కువ. రామమూర్తి గారి జీవితం ఆ ప్రశ్నకు మన శ్రీకాకుళం నేలమీద నుంచే వచ్చిన జవాబు.

ఆయన 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టారు. అది శ్రీముఖలింగం దగ్గర, వంశధార ఒడ్డున ఉన్న పల్లె. తండ్రి వీర్రాజు గారు పర్లాకిమిడి సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. తండ్రికి చోడవరం బదిలీ అయింది. 1875లో అక్కడ విషజ్వరం తగిలి ఆయన కన్నుమూశారు. అప్పటికి రామమూర్తి గారికి పన్నెండేళ్లు. జ్వరం అనే మాట ఆ ఇంటికి అంత చిన్నతనంలోనే పరిచయమైంది. మనిషిని జ్వరం ఎంత త్వరగా తీసుకుపోగలదో ఆ పిల్లవాడు కళ్లారా చూశాడు.

తండ్రి పోయాక చదువు విజయనగరంలో సాగింది. బంధువుల ఇంట ఉంటూ మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకున్నారు. అక్కడే గురజాడ అప్పారావు గారు ఆయన తోటి విద్యార్థి. తరువాతి కాలంలో తెలుగు రాతను జనం మాటకు దగ్గర చేసిన ఇద్దరూ ఒకే బడిలో, ఒకే కాలంలో బెంచీల మీద కూర్చున్నారు. ఇల్లు గడవాలి కాబట్టి పై చదువులకు వెళ్లే వీలు లేకపోయింది. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడిగా చేరారు. పగలు పాఠాలు చెబుతూ, రాత్రులు తానే చదువుకుంటూ ప్రైవేటుగా పరీక్షలు రాసి బి.ఏ. పూర్తిచేశారు.

ఆయనది ఊరుకునే స్వభావం కాదు. ముఖలింగం గుడి రాళ్లమీద కళింగ రాజుల కాలం నాటి శాసనాలు ఉన్నాయి. ఊరివాళ్లు రోజూ వాటి పక్కనుంచే నడిచేవారు, చదవగలిగినవారు లేరు. రామమూర్తి గారు పాత లిపులను పుస్తకాల సాయంతో తనంతట తానే నేర్చుకుని ఆ రాళ్లను చదివారు. వాటి మీద పరిశోధన వ్యాసాలు రాశారు. చదవడానికి ఎవరూ లేని రాత కనబడితే ఆయన మనసు అక్కడ ఆగిపోయేది. వినడానికి ఎవరూ లేని మాట చెవిన పడినప్పుడూ అంతే అయింది.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు ఉంటారు. ఇప్పటి సీతంపేట ఏజెన్సీ నుంచి ఒడిశాలోని గజపతి జిల్లా కొండల దాకా వాళ్ల గూడేలు ఉన్నాయి. వాళ్ల భాష తెలుగు కాదు, ఒరియా కాదు. అది ముండా భాషల కుటుంబానికి చెందినది. ముండారి, సంతాలీ భాషలకు చుట్టరికం గలది. అప్పట్లో ఆ భాషకు రాత లేదు. సంతకు దిగిన సవరకు షావుకారు చెప్పే లెక్క అర్థం కాదు. కచేరీలో గుమాస్తా రాసుకున్నది అర్థం కాదు. ఎదుటివాడికి ఇతని గోడు అర్థం కాదు. ఇద్దరి మధ్యా నష్టపోయేది ఎప్పుడూ కొండ దిగి వచ్చినవాడే.

రామమూర్తి గారికి అప్పుడు ముప్ఫై ఏళ్లు ఉంటాయి. బడి ఉద్యోగం ఉంది, సంసారం ఉంది. సవర నేర్చుకోమని ఆయనను ఎవరూ అడగలేదు. నేర్చుకుంటే జీతం పెరిగేదీ లేదు. అయినా తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని, అతని దగ్గర మాట మాట నేర్చుకోవడం మొదలుపెట్టారు. తరువాత తానే కొండలెక్కారు. సెలవు దొరికితే చాలు, కాలినడకన గూడేలకు పోయేవారు. వాళ్ల మధ్య కూర్చుని వాళ్ల కథలు, పాటలు, వాడుక మాటలు రాసుకునేవారు.

ఆ కొండలకు మైదానం మనిషి ఊరికే పోగలిగేవాడు కాదు. మన్యపు జ్వరం అంటే మన ప్రాంతంలో పెద్దలకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. సాయంత్రానికి చలి పట్టుకుంటుంది. ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు ఆగదు. తరువాత ఒళ్లు కాలిపోతుంది. ఆపైన చెమటలు పట్టి మనిషి వాలిపోతాడు. ఒకరోజు నెమ్మదించినట్టే ఉండి మళ్లీ వస్తుంది. అది చెడు గాలి వల్ల వస్తుందని, నీటి వల్ల వస్తుందని అనుకునేవారు. దోమ కడుపులో ఆ జ్వరపు క్రిమిని రొనాల్డ్ రాస్ సికిందరాబాదులో కనిపెట్టింది 1897 ఆగస్టు 20న. అంటే రామమూర్తి గారు కొండలెక్కడం మొదలుపెట్టిన రోజుల్లో ఈ జ్వరాన్ని మోసుకొచ్చేది దోమ అన్న సంగతే లోకానికి తెలియదు. దోమతెర కట్టుకుంటే చాలునని చెప్పేవాడు లేడు.

కారణం తెలియదు గాని మందు మాత్రం ఉంది. అది క్వినైన్. దక్షిణ అమెరికా కొండల్లో పెరిగే సింకోనా చెట్టు బెరడునుంచి దాన్ని 1820లో ఫ్రాన్సులో ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు వేరుచేశారు. ఆ చెట్లను బ్రిటిషువారు నీలగిరి కొండల్లో నాటించారు. తపాలా ఆఫీసుల ద్వారా కూడా క్వినైన్ పొట్లాలు అమ్మించారు. అది విషమంత చేదు. నాలుకమీద పడితే ఆ పూటంతా అన్నం రుచి తెలియదు. అయినా ఆ కాలంలో మన్యపు జ్వరానికి నమ్మదగిన మందు అదొక్కటే. లక్షలమంది ప్రాణాలు దానివల్ల నిలబడ్డాయి. రామమూర్తి గారి ప్రాణమూ నిలబడింది.

కొండకు వెళ్లడం, జ్వరం తెచ్చుకోవడం, క్వినైన్ మింగడం, కోలుకుని మళ్లీ కొండకు వెళ్లడం. ఆయన జీవితం కొన్నేళ్లు ఇలాగే నడిచింది. దాని ఫలితంగా ఆయనకు చెవుడు వచ్చింది. అది జీవితాంతం ఆయనను విడిచిపెట్టలేదు.

ఇది ఎలా జరుగుతుందో తెలుసుకోవడం మంచిది. క్వినైన్ లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సున్నితమైన కణాలను దెబ్బతీయగలదు. మొదట చెవుల్లో హోరు మొదలవుతుంది. తల తిరుగుతుంది. వినికిడి మందగిస్తుంది. చాలామందిలో మందు ఆపాక ఇవి తగ్గిపోతాయి. పదేపదే వాడినవారిలో, ఎక్కువ మోతాదు పడినవారిలో కొందరికి శాశ్వతంగా మిగిలిపోతాయి. ఇదే మందు మరికొందరిలో కళ్లమీద పడుతుంది. కంటి వెనక ఉండే నరాల పొర దెబ్బతిని, మనిషి ఒక్కసారిగా చీకట్లో పడిపోతాడు. కొన్నాళ్లకు చూపు తిరిగి వచ్చినా గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రమే కనిపించి, పక్కల చూపు పోయే ప్రమాదం ఉంది. ప్రాణం కాపాడిన మందు ఒకరి చెవిని, మరొకరి కంటిని అడగవచ్చు. రామమూర్తి గారి విషయంలో అది చెవులను అడిగింది.

ఒక్క క్షణం ఆగి ఆలోచిద్దాం. చెవుడు ఎవరికి వచ్చినా కష్టమే. కాని ఈయన పని ఏమిటి? రాత లేని భాషను చెవితో పట్టి కాగితం మీద పెట్టడం. సవరలో కొన్ని ధ్వనులు గొంతు దగ్గర చటుక్కున ఆగిపోతాయి. మన తెలుగు చెవికి అవి ఉన్నట్టే తెలియవు. మంచి చెవులున్నవాడికే కష్టమైన పని అది. అటువంటి పని నెత్తికెత్తుకున్న మనిషికి, ఆ పని కోసమే తిరుగుతుండగా, ఆ పనికి కావలసిన ఇంద్రియమే పోయింది. కొండకు వెళ్లకుండా ఇంట్లో కూర్చుని ఉంటే ఆ జ్వరాలు వచ్చేవి కావు. ఇక చాలు అని ఆయన మానేసి ఉంటే ఆ రోజుల్లో ఆయనను తప్పుపట్టేవారు ఒక్కరూ ఉండేవారు కాదు. ఇంట్లోవాళ్లు సంతోషించేవారు కూడా.

ఆయన మానలేదు. చెవి ఇవ్వలేనిదాన్ని చదువుతో సంపాదించారు. అప్పటికి పాశ్చాత్య దేశాల్లో ధ్వనిశాస్త్రం కొత్తగా ఎదుగుతోంది. నోట్లో నాలుక ఎక్కడ తగిలితే ఏ ధ్వని పుడుతుంది, పెదవులు ఎలా కదులుతాయి, గాలి ఎక్కడ ఆగుతుంది అన్నవి ఆ శాస్త్రం నేర్పుతుంది. రామమూర్తి గారు ఆ పుస్తకాలు తెప్పించుకుని చదివారు. ఆ పద్ధతిని సవరకు వర్తింపజేశారు. ఆయన కుమారుడు సీతాపతి గారు ఆ పనిలో తోడు నిలిచారు.

ఇంతలో సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలన్న ఆలోచన కలిగింది. వాళ్ల భాషలో పాఠాల పుస్తకాలు రాశారు, కథలు, పాటలు కూర్చారు. బడులు పెట్టి, సొంత డబ్బుతో నడిపారు. అది మేష్టరు ఉద్యోగం చేసుకునేవాడి డబ్బు అన్న సంగతి మరువకూడదు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆయన సేవను మెచ్చి బహుమానం ఇవ్వబోతే, ఆ సొమ్ము తనకు వద్దని, సవరల బడికి ఖర్చుపెట్టమని కోరారు. చెవులు పోగొట్టుకున్నందుకు పరిహారంగానైనా దాన్ని ఆయన తీసుకోవచ్చు. ఆయన లెక్క వేరు. 1913లో ప్రభుత్వం రావు సాహెబు బిరుదు ఇచ్చింది.

ఉద్యోగ విరమణ దగ్గరపడే వయసులో ఆయన రెండో పోరాటం మొదలైంది. మనకు ఎక్కువగా తెలిసినది ఇదే. బడిలో పిల్లలు చదివే తెలుగు ఒకటి, ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి. ఇంగ్లీషు నేర్పేటప్పుడు బతికున్న భాష నేర్పుతూ, తెలుగు నేర్పేటప్పుడు ఎవరూ మాట్లాడని భాషను ఎందుకు నేర్పాలి? విద్యాశాఖ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్సు గారికి ఇదే సందేహం కలిగింది. గురజాడ, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, రామమూర్తి గారు ఈ విషయంలో ఒకటయ్యారు. సవర పిల్లవాడికి తన భాషలో పాఠం కావాలని అడిగినవాడికి, తెలుగు పిల్లవాడికి తన తెలుగులో పాఠం కావాలని తోచడంలో ఆశ్చర్యం లేదు. రెండూ ఒకే న్యాయం.

పండితులు ఎదురుతిరిగారు. జయంతి రామయ్య పంతులు గారి వంటి పెద్దలు గ్రాంథికం వైపు నిలబడ్డారు. పత్రికల్లో, సభల్లో వాదాలు సాగాయి. 1919లో కందుకూరి వీరేశలింగం గారు అధ్యక్షులుగా, రామమూర్తి గారు కార్యదర్శిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. అదే సంవత్సరం తెలుగు అనే పేరుతో మాసపత్రిక పెట్టారు. అది ఒక సంవత్సరమే నడిచింది. 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలసేపు మాట్లాడారు. గ్రాంథికవాదుల రాతల్లోనే ఉన్న తప్పులను ఒక్కొక్కటిగా చూపించి, సభ తన వాదానికి ఒప్పుకునేలా చేశారు. అప్పటికి ఆయన వయసు 62. అన్ని గంటలు నిలబడి మాట్లాడడమే కష్టమైన వయసులో, ఎదుటివాడి అభ్యంతరం సరిగ్గా వినపడని మనిషి ఆ పని చేశాడు. అందుకు ఆయన ఎంత తయారై వెళ్లి ఉండాలి? వినలేనివాడు ఎదుటివాడి మాటను ముందే చదివి, ముందే ఆలోచించి వెళ్లాలి. మన వాదాల్లో చెవులు బాగున్నవారిలో ఎంతమంది ఆ పాటి శ్రద్ధ చూపిస్తున్నారు?

సవర పని వెనకబడలేదు. 1931లో సవర భాష మీద ఆయన ఇంగ్లీషులో రాసిన వ్యాకరణ గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. తరువాత నిఘంటువు వచ్చింది. ముప్ఫై ఏళ్ల వయసులో మొదలుపెట్టిన పని దాదాపు 70 ఏళ్ల వయసులో ఫలించింది. మధ్యలో నాలుగు దశాబ్దాలు, ఎన్నో జ్వరాలు, పోయిన చెవులు ఉన్నాయి. ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చి గౌరవించింది. సవర కొండల్లో పనిచేసిన కెనడియన్ బాప్టిస్టు మిషనరీలకు ఆ భాష నేర్చుకోవడంలో, సువార్తను ఆ భాషలోకి తేవడంలో సీతాపతి గారు సాయపడ్డారు. ఈనాడు ఆ కొండల్లోని సంఘాలు తమ మాటలోనే ప్రార్థించుకుంటున్నాయంటే, ఆ మాటను మొదట శ్రద్ధగా విని రాసిపెట్టిన ఇంటికి మన కృతజ్ఞత చెందుతుంది. ఆ ఇల్లు క్రైస్తవుల ఇల్లు కాదు. కృతజ్ఞతకు అది అడ్డు కాకూడదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. అది తెలుగు ప్రాంతంలోనే ఉండాలని ఆయన గట్టిగా పోరాడారు. మాట నెగ్గలేదు. అర్ధశతాబ్దానికి పైగా బతికిన ఊరిని విడిచి, 73వ ఏట రాజమండ్రికి వెళ్లిపోయారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదునిచ్చింది. 1940 జనవరిలో, చనిపోవడానికి వారం రోజుల ముందు కూడా, మద్రాసులో పత్రికలవారి ముందు నిలబడి జనం భాషలో రాయమని కోరారు. జనవరి 22న కన్నుమూశారు. ఈ రోజు మీరు చదువుతున్న ఈ వాక్యం ఈ తెలుగులో ఉందంటే ఆయన పడిన పాటు అందులో ఉంది.

ప్రియ పాఠకులారా, ఈ జీవితాన్ని చదివి రెండు తప్పు పాఠాలు నేర్చుకునే ప్రమాదం ఉంది. మొదటిది, మందులంటే భయపడడం. క్వినైన్ లేకపోతే రామమూర్తి గారు ఏ కొండదారిలోనో ముప్ఫై అయిదేళ్లకే పోయి ఉండేవారేమో. అప్పుడు సవర వ్యాకరణమూ లేదు, మన వ్యావహారికమూ లేదు. రెండోది, ఇంద్రియం పోయినా గొప్పవాళ్లు కాగలరు కాబట్టి పోయినా ఫరవాలేదని అనుకోవడం. అది అవతలివాడి నొప్పిని మనం తేలిగ్గా తీసుకోవడమే. ఆయన చెవుడు ఆయనకు వరం కాదు, నష్టం. ఆ నష్టంతోనే ఆయన పనిచేశారు.

ఆయన కాలంలో ఆ నష్టాన్ని ముందే పసిగట్టే పరీక్షలు ఇప్పటిలా లేవు. బదులుగా వేరే మందు లేదు. మనకు ఉన్నాయి. అందుకే మన బాధ్యత ఎక్కువ. క్షయకు ఇచ్చే మందుల్లో ఇథాంబుటాల్ అనేది కొందరిలో కంటినరాన్ని దెబ్బతీస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ రంగులు వెలిసినట్టు కనిపించడం, అక్షరాలు మసకగా ఉండడం దాని మొదటి గుర్తులు. ఆ గుర్తు కనిపించిన రోజే మందు ఇచ్చిన ఆస్పత్రికి వెళ్లి చెబితే చాలామందిలో చూపు నిలుస్తుంది. ఎవరికీ చెప్పకుండా మందులన్నీ మానేస్తే క్షయ తిరగబెడుతుంది. కీళ్లవాతానికి ఏళ్ల తరబడి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మలేరియా మందుల కుటుంబంలోదే. అది వాడేవారు మొదట ఒకసారి, తరువాత డాక్టరు చెప్పిన ప్రకారం కంటి వెనక పొరను పరీక్ష చేయించుకోవాలి. కొన్ని ఇంజెక్షన్లు చెవులమీద పనిచేస్తాయి. చెవిలో హోరు మొదలైతే అది చిన్న విషయం అనుకోకూడదు.

మన జిల్లాల్లో కంటికి తగిలే దెబ్బలు మనకు తెలియనివి కావు. వరికోతల్లో ఆకు కోసుకుంటుంది, నూర్పిడిలో ఊక పడుతుంది. పలాస వైపు జీడిపిక్కలు కొట్టేచోట పిక్కనూనె చిందితే కాలుతుంది. అప్పుడు చాలామంది చేసే పని, మందుల షాపుకు వెళ్లి ఎర్రకన్నుకు చుక్కలు అడగడం. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే కన్ను వెంటనే తెల్లబడి హాయిగా ఉన్నట్టే అనిపిస్తుంది. కాని ఆకు గాయం లోపల బూజు పెరుగుతూ ఉంటే ఆ చుక్కలు దాన్ని ఇంకా పెంచుతాయి. అలాంటి చుక్కలు నెలల తరబడి వాడినవారిలో నీటికాసులు, శుక్లాలు వస్తాయి. కంట్లో నూనెగాని సున్నంగాని పడితే వెంటనే మంచినీళ్లతో చాలాసేపు కడగాలి. ఆకుగాని ఊకగాని గీరుకుంటే పసరు పోయకుండా కంటి డాక్టరు దగ్గరకు పోవాలి. శుక్లం ఆపరేషన్ అయినవారికి నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా మరుసటి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. ఆ రోజే వెళ్లాలి.

ఈ విషయంలో మన ప్రాంతానికి మంచి చరిత్ర ఉంది. సోంపేటలోని ఆరోగ్యవరం మిషను ఆస్పత్రిలో కెనడానుంచి వచ్చిన డాక్టర్ బెన్ గలిసన్ పేదల కళ్లకు వైద్యం చేశారు. ఆయన చెప్పిన విషయాలు విని చలించిన కాల్గరీ నగర వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ 1963లో డబ్బు కూడగట్టడం మొదలుపెట్టారు. ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ అలా పుట్టింది. ఇప్పుడది చాలా దేశాల్లో అంధత్వ నివారణకు పనిచేస్తోంది. ఒక డాక్టరు తన దగ్గరకు వచ్చిన రోగుల మాట విని, దాన్ని సముద్రాల అవతల చెప్పడం వల్ల జరిగిన మేలు అది.

చివరికి విషయం వినడం దగ్గరికే వస్తుంది. మందు రాసే డాక్టరు రోగి మాట వినాలి. కొత్త మందు మొదలయ్యాక నాకు ఏదో తేడాగా ఉంది అని రోగి అన్నప్పుడు, అది నీ అనుమానం అని తోసిపుచ్చకూడదు. రోగి కూడా డాక్టరు చెప్పిన జాగ్రత్త వినాలి. అర్థం కాకపోతే మళ్లీ అడగాలి. సంఘంలో మనం, వైద్యం వల్ల నష్టపోయి మూలన కూర్చున్న మనిషి దగ్గర కూర్చుని అతని మాట వినాలి. అతనికి మన సానుభూతికంటే ముందు కావలసినవి ఉన్నాయి. సరైన ఆస్పత్రికి తీసుకువెళ్లే తోడు కావాలి. వికలాంగుల ధ్రువపత్రానికి తిరిగిపెట్టే మనిషి కావాలి. అతను చేయగలిగిన పని అతని చేతికి రావాలి. రామమూర్తి గారి పక్కన సీతాపతి గారు నిలబడినట్టు ఎవరో ఒకరు నిలబడాలి.

కొండమీద ఎవరూ వినని మాటను వినడానికి వెళ్లి ఒక మనిషి తన చెవులు పోగొట్టుకున్నాడు. అవి పోయాక కూడా వినడం మానలేదు. మన చెవులు బాగున్నాయి. ఈ వారం మన పక్కింట్లో, మన బెంచీమీద, మన వీధి చివర ఎవరి మాట వినకుండా వదిలేశామో వెతికి చూద్దాం.